బడిపన్నులో పక్షపాతము

అమెరికాలో బడుల కొరకు పన్ను పెంచవలసివచ్చినపుడు పెక్కు రాష్ట్రములలో ఆ పాఠశాలా మండలపు ఓటరుల సమ్మతి నడుగుదురు. ప్రజలే నిర్ణయించుకొనుచున్నారు, ఇంతకంటె ధర్మమేమున్నదని మనవారు మెచ్చుకొందురు. అది లెక్క చూడనివారి మెప్పు.

టెక్సాసు రాష్ట్రమున సాన్ ఆంటోనియో ప్రాంతములో ఎడ్జివుడ్ బీదల మండలము, ఆలమో హైట్స్ సంపన్నుల మండలము. 1967–68లో ఎడ్జివుడ్ వారు నూరు డాలర్ల ఆస్తికి 1.05 డాలరు చొప్పున పన్ను కట్టిరి. ఆలమో హైట్స్ వారు 0.85 మాత్రమే. ఆ పన్నువలన విద్యార్థి యొక్కనికి వారికి దక్కినది 26 డాలర్లు, వీరికి 333! ప్రభుత్వముల సహాయము కలిపినను 356కు 594. పూరియింటిని ఎంత పిండినను ఎన్ని చుక్కలు రాలును?

ఎడ్జివుడ్ తల్లిదండ్రులు వ్యాజ్యము వేసిరి. 1973లో దేశపు సుప్రీముకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి వారి మొర త్రోసివేసినది. స్థానిక స్వాతంత్ర్యము కాపాడవలెనట! బీదవానికి ఇది ఏ స్వాతంత్ర్యమో న్యాయమూర్తులకే తెలియవలెను. తుదకు 1989లో ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టు ఆ పద్ధతి తమ రాజ్యాంగమునకు విరుద్ధమని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ధనిక మండలముల రాబడిలో కొంత తీసి పంచు చట్టము 1993లో వచ్చినది.

మంచి బడి చూచి డల్లాసు పరిసరములలో ఇండ్లు కొన్న మన తెలుగు గృహస్థులలో కొందరు ఈ పంపకమును దోపిడి యందురు. అయ్యా, పొరుగువారి ఆస్తి విలువ పెరిగి మీ బిడ్డల బడికి సొమ్ము చేరినపుడు ఆ మాట రాలేదేమి? ఎడ్జివుడ్ వారు నూటికి అదనముగా కట్టిన ఆ ఇరువది సెంట్లు ఎవరి ఖాతాలో వ్రాయుదురు?