పళ్ళెం వెనక్కి తిప్పితే...

ఇంగ్లీషువాళ్ళకు టీ మీద యెంత మోజో, టీ పోసుకునే కప్పుల మీదా అంత మోజు. రెండువందల యేళ్ళనాటి కప్పులూ, సాసర్లూ, పళ్ళేలూ వెతికి తెచ్చి అద్దాల బీరువాలో అమర్చుకోవడం అక్కడ చాలామందికి ఒక వ్యాపకం. ఇదంతా జమీందార్ల సరదా అనుకోకండి. అంచున కాస్త పెచ్చు లేచిన పాత సాసరును మామూలు సంసారి కూడా కొనుక్కోగలడు.

కొత్తగా ఈ వ్యాపకంలో పడ్డవారు ముందుగా చేసే పని, పళ్ళెం వెనక్కి తిప్పి ముద్ర చూడడం. చూడవలసిందే. కాని అన్నిటికన్నా ఆఖరున నమ్మవలసింది దాన్నే! లండన్‌లో 1740ల నాటి చెల్సీ కార్ఖానా గుర్తు లంగరు బొమ్మ. అసలు లంగరు కందిగింజంత వుండి, ఓ మూల కనీ కనిపించకుండా వుంటుంది. తరువాతి కాలపు అనుకరణల మీదనేమో అదే లంగరు దర్జాగా, పెద్దదిగా మెరుస్తూ కనిపిస్తుంది. పోనీ, అసలు కార్ఖానాలవారైనా నిజాయితీపరులా అంటే అదీ లేదు. వూస్టర్‌లో చేసిన పళ్ళేల అడుగున చీనా అక్షరాల్లా కనిపించే పిచ్చిగీతలు గీశారు; జర్మనీలోని మైసెన్ వారి కత్తుల గుర్తూ వేసుకున్నారు. ఇక "ఇంగ్లండ్" అన్న మాట వుంటే అది చాలావరకు 1891 తరువాతి సరుకు. దిగుమతి వస్తువుల మీద దేశం పేరు వుండాలని అమెరికా చట్టం చేసింది మరి.

అయితే దేన్ని నమ్మాలి? మట్టిని.

ఆ రోజుల్లో ఇంగ్లీషు పింగాణీకి పెద్ద గండం వేడి వేడి టీ. పోయగానే కప్పు ఠప్పున చిట్లేది. 1751లో డాక్టర్ జాన్ వాల్ అనే వైద్యుడూ మరికొందరూ కలిసి వూస్టర్‌లో పెట్టిన కార్ఖానాలో మట్టిలో బలపపురాయి పొడి కలిపారు. రాయి కార్న్‌వాల్ నుంచి వచ్చేది. ఆ కప్పులు మరుగుతున్న నీళ్ళకూ తట్టుకున్నాయి. ఈనాటికీ అలాంటి కప్పును దీపానికి అడ్డం పెడితే లేత ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది. 1775 ప్రాంతంలో మొదలైన కాఫ్లీ వారిది చూడడానికి అచ్చం అలాగే వున్నా, దీపం ముందు పసుపు, నారింజ ఛాయలకు తిరుగుతుంది. ముద్ర చెప్పని గుట్టును దీపం చెప్పేస్తుందన్న మాట.

ఆ శతాబ్దం చివర స్టోక్‌లో స్పోడ్ కుటుంబంవారు స్థిరపరిచినది బోన్ చైనా. పేరులోనే వుంది సంగతి: అందులో ఇంచుమించు సగం పశువుల యెముకల బూడిద! కప్పూ సాసరూ మడి వంటింటి గడప దాటడానికి వీల్లేదన్న మన పెద్దవాళ్ళకు ఇది తెలిసి వుంటే మరో కారణం దొరికేది.

పాత టీ కప్పులు కొన్నిటికి చెవి వుండదు. విరిగిందని బేరం వదులుకోకండి. చీనా పద్ధతిలో అలాగే చేసేవారు. చెవిలేని టీ కప్పు, చెవి వున్న కాఫీ కప్పు, ఈ రెండిటికీ కలిపి ఒకే సాసరు అమ్మేవారు. పొదుపు మనకే తెలుసుననుకుంటాం!

కొనేముందు గోటితో మెల్లగా మీటండి. ఖంగుమంటే మంచిదే, బొంగురు పలికితే యెక్కడో బీట వున్నట్లే. కొన్ని పళ్ళేల వెనక లోహపు కుట్లు కనిపిస్తాయి. మన గిన్నెలకు మాటు వేయించినట్లే, విరిగిన పళ్ళేనికి సన్నని బెజ్జాలు తొలిచి కుట్లు వేసేవారు. అలా కుట్టు పడ్డదాని ధర బాగా పడిపోతుంది. నాకు మాత్రం అవే ఇష్టం. విరిగినా పారేయడానికి మనసొప్పని ఇల్లాలు ఒకరు దాని వెనక వున్నారు కదా.

కొన్నాక వాటిలో పులుసు, పచ్చడి వడ్డించకండి. పాత మెరుగులో, రంగుల్లో సీసం వుంటుంది. పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుంది. కడిగేటప్పుడు తొట్టి అడుగున తువాలు పరిచి, ఒక్కొక్కటే గోరువెచ్చని నీళ్ళలో కడగాలి. బంగారు అంచును రుద్దకూడదు.

ఇంగ్లండు దాకా వెళ్ళలేనివారు హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంలోని యూరప్ పింగాణీని తీరిగ్గా చూడవచ్చు. వెనక్కి తిప్పి చూడనివ్వరు, అంతే!