తాళం ఎవరి జేబులో వుంది?

సొంత కారు అనేది వద్దని స్త్రీల సమావేశాల్లో పదేళ్ళకు పైగా వాదిస్తూ వచ్చినదాన్ని నేను. కొందరు స్త్రీలకు కారు వుండి తీరాలని ఇప్పుడు అంటున్నాను. పర్యావరణ ఉద్యమాల్లో పనిచేస్తున్న మిత్రులకు ఈ మాట రుచించలేదు. "శ్రీకాకుళం తీరంలో తిరుగుతూ మీరే ఇలా అంటే ఎలా?" అని ఒకరు నిలదీశారు. అడగవలసిన ప్రశ్నే. కనుక ఆ తీరం దగ్గరే మొదలుపెడతాను.

కారుకు వ్యతిరేకంగా చెప్పవలసినదంతా కళింగపట్నంలో కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ జిల్లా ఉత్తర భాగాన్ని ఊడ్చేసింది. 2021 సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్ తుపాను కళింగపట్నం సమీపంలోనే తీరం దాటింది. సముద్రం వేడెక్కేకొద్దీ తుపాన్లు బలపడతాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆ వేడిలో బందరువానిపేట మత్స్యకార స్త్రీ వాటా ఎంత? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కారు వున్న కుటుంబాలు నూటికి ఎనిమిది కూడా లేవు, 7.5 శాతం. ఆ కొద్దిమంది కోసం రోడ్లు వెడల్పవుతాయి, చెట్లు కూలుతాయి, గాలి చెడుతుంది. కారులో ఎన్నడూ కూర్చోని వాళ్ళ ఇంటి కప్పు లేచిపోతుంది.

ఫ్రెంచి ఆలోచనాపరుడు ఆంద్రే గోర్జ్ 1973లో కారును సముద్రపు ఒడ్డున కట్టుకునే విల్లాతో పోల్చాడు. కొద్దిమందికే వున్నంతకాలం దాని సుఖం దానికి వుంటుంది. అందరూ కట్టుకుంటే ఒడ్డే మిగలదు. ఈ వాదన నాకు ఇప్పటికీ సమ్మతమే. హైదరాబాదులో ఒక్కొక్కరే కూర్చుని బారులు తీరిన కార్లను చూసినప్పుడల్లా అది గుర్తొస్తుంది. కాకపోతే ఆ వాదనలో మనిషి ఒక్కడే. ఉదయం ఇంటి నుంచి పనికి, సాయంత్రం పని నుంచి ఇంటికి వెళ్ళేవాడు. అతనికి మంచి బస్సు వేస్తే సరిపోతుంది. స్త్రీల ప్రయాణాలు అలా వుండవు. మార్కెట్టుకు, అక్కడి నుంచి బిడ్డ బడికి, దారిలో రేషను డిపోకు, మళ్ళీ ఆసుపత్రిలో వున్న తల్లి దగ్గరికి. చిన్న చిన్న దూరాలు, వేళకాని వేళలు, చంకలో బిడ్డ, చేతిలో మూట. ఈ తిరుగుడంతా ఇంటిచాకిరీలో భాగమే గనుక రవాణా శాఖ లెక్కల్లోకి ఎక్కదు.

బస్సు సంగతి ముందు చెప్పాలి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో 'స్త్రీ శక్తి' పథకం కింద పల్లెవెలుగు మొదలు ఎక్స్‌ప్రెస్ దాకా అయిదు రకాల ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు టిక్కెట్టు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9నే ఇది మొదలైంది. నేను దీన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఆడవాళ్ళు పనిలేక తిరుగుతున్నారని వెక్కిరించే మగవాళ్ళను చూస్తుంటేనే దీని విలువ తెలుస్తుంది. అయితే గార మండలంలో ఒకామె నాతో అన్నమాట కూడా ఇక్కడ రాయాలి. "బస్సు ఫ్రీయేనమ్మా, కాదనను. మా ఊరికి బస్సొస్తే కదా ఫ్రీ!"

తెల్లవారుజామున తెప్ప ఒడ్డుకు చేరినప్పుడు చేప కొనుక్కుని, మంచు కరగకముందే శ్రీకాకుళం చేర్చవలసిన స్త్రీకి మొదటి బస్సు టైము పనికిరాదు. బస్సు వచ్చినా గంప ఎక్కనివ్వరు, నీచు వాసన అంటారు. ఆ వాసన పేరుతో నడిచే కులం సంగతి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. షేరు ఆటోలో మనిషికొక రేటు, గంపకొక రేటు. పాతిక ముప్పై కిలోమీటర్లు వెళ్ళి రావడానికే లాభంలో పెద్ద ముక్క పోతుంది. నలుగురైదుగురు కలిసి ఒక బండి తమ పేరున కొనుక్కుంటే పర్యావరణానికి ద్రోహం చేసినట్టా?

ఇంకొక సంగతి. ఈ తీరంలో మగవాళ్ళు ఏడాదిలో ఎక్కువ నెలలు ఊళ్ళో వుండరు. గుజరాత్‌లోని వెరావల్ రేవుకు బోట్ల మీద పనికి పోతారు. 2018 చివర అలా పోయిన ఉత్తరాంధ్ర జాలర్లు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గానీ వాఘా సరిహద్దు దాటి రాలేదు. ఆ పదమూడు నెలలు ఇంటి పెత్తనం, అప్పులవాళ్ళు, కలెక్టరాఫీసు చుట్టూ తిరగడం, అర్ధరాత్రి అత్తగారి ఆయాసం అన్నీ ఆడవాళ్ళ నెత్తినే పడ్డాయి. 108 అంబులెన్సు 2005 నుంచి వుంది, ఎన్నో ప్రాణాలు కాపాడింది. అది తీసుకుపోతుంది, తిరిగి తీసుకురాదు. బాలింతను బిడ్డతో ఇంటికి చేర్చడానికి ప్రభుత్వ బండి వుంది. మిగతా రోగులూ, వాళ్ళ వెంట వున్న ఆడవాళ్ళూ ఎలా వస్తారన్నది ఎవరి సమస్యా కాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మనిషిని వారానికి రెండు మూడు సార్లు డయాలిసిస్‌కు తిప్పాలి. 2023 డిసెంబరులో పలాసలో ఆసుపత్రి తెరిచాక దూరం తగ్గిన మాట నిజమే. ఆ తిరుగుళ్ళు మాత్రం తగ్గలేదు.

ఇంతకీ కారు మన పల్లెలకు రాకుండా ఆగిందా? ఆగలేదు. కట్నం రూపంలో వచ్చింది. నా ఆలోచన మారడానికి అసలు కారణం ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. తండ్రి పొలం అమ్మి కొన్న కారు పెళ్ళి పందిరి ముందు పూలదండతో నిలబడుతుంది. రిజిస్ట్రేషను అల్లుడి పేరున. తాళం అల్లుడి జేబులో. కొన్నవాళ్ళ కూతురు వెనక సీట్లో, అదీ అత్తమామలు కూర్చోగా మిగిలిన చోట. ఆ బండి కక్కే పొగ మాత్రం అందరిదీ! 2021లో కేరళలో కట్నంగా ఇచ్చిన కారు తన స్థాయికి తగినది కాదని భర్త పెట్టిన బాధలు పడలేక ఒక వైద్య విద్యార్థిని చనిపోయింది. 2022లో అతనికి పదేళ్ళ శిక్ష పడింది.

1961 వరకట్న నిషేధ చట్టంలో ఆరో సెక్షను అని ఒకటుంది. కట్నం ఎవరు పుచ్చుకున్నా మూడు నెలల్లోగా ఆ స్త్రీకి బదిలీ చేసి తీరాలని, అంతవరకు దాన్ని ఆమె మేలు కోసమే అట్టిపెట్టాలని అది చెబుతుంది. మూడో, నాలుగో సెక్షన్ల గురించి మనం ఎన్నో సదస్సులు పెట్టాం. ఆరో సెక్షను కింద కారు తాళం అడిగిన కేసు నా దృష్టికి ఇంతవరకూ రాలేదు. 1985లో, దేశమంతటి కంటే ఇరవయ్యేళ్ళ ముందే, ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చిన రాష్ట్రం మనది. భూమికి వర్తించిన న్యాయం బండికి ఎందుకు వర్తించదు?

1990 నవంబరు 6న రియాద్‌లో 47 మంది స్త్రీలు కార్లు తామే నడుపుతూ వీధుల్లోకి వచ్చారు. వాళ్ళ ఇళ్ళల్లో కార్లకు లోటు లేదు, డ్రైవర్లకూ లోటు లేదు. వాళ్ళు అడిగింది స్టీరింగు. అది దక్కడానికి 2018 జూన్ దాకా పట్టింది. మనకు మరీ దగ్గర, తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలా రాణీ చుంకత్ కార్యకర్తలకు సైకిళ్ళ కోసం బ్యాంకు రుణాలు ఇప్పించారు. మగవాళ్ళు ఈలలు వేశారు, వీళ్ళు తొక్కుతూనే వున్నారు. సైకిలే చాలదా అని అడిగేవాళ్ళు ఆయాసపడుతున్న ముసలమ్మను కారియర్ మీద కూర్చోబెట్టుకుని శ్రీకాకుళం దాకా తొక్కి చూడాలి.

మరి కరెంటు కారు వుంది కదా, పొగ రాదు కదా అంటారు. ఆ మాట పట్నంలో చెల్లుతుంది. మన దేశంలో కరెంటులో పెద్ద భాగం బొగ్గు నుంచే వస్తోంది. ఆ బొగ్గు కేంద్రాలు వద్దన్నందుకే 2010 జులై 14న సోంపేట బీల దగ్గర, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర భూముల దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రెండు పోరాటాల్లోనూ స్త్రీలు ముందు నిలబడి దెబ్బలు తిన్నారు. రణస్థలం మండలంలో అణు కేంద్రం పేరెత్తితే కొవ్వాడ వాళ్ళు ఇవాళ్టికీ ఉలిక్కిపడతారు. పట్నంవాళ్ళ పొగ మన తీరానికి బదిలీ అయినంత మాత్రాన మాయమైపోయినట్టు కాదు. కాబట్టి కరెంటు కారు అన్నది నాకు జవాబుగా కనిపించదు. పొదుపు పాటించవలసిన వాళ్ళెవరన్నదే ప్రశ్న. రెండో కారు, మూడో కారు కొనేవాడి మీద పన్ను పెంచమందాం. అతన్ని వదిలేసి చేపల గంప స్త్రీకి పర్యావరణ పాఠం చెప్పడం నాకు సాధ్యం కాదు.

బస్సు కోసం పోరాటం ఆపమని నేను అనడం లేదు. తెల్లవారుజాము బస్సు, అందులో గంపలకు చోటు, ఇది మొదటి కోరికగానే వుండాలి. దానితో పాటు పొదుపు సంఘాలకు గేదెలకూ కుట్టుమిషన్లకూ ఇచ్చే అప్పు ఉమ్మడి బండికి కూడా ఇవ్వాలి. లైసెన్సు, రిజిస్ట్రేషను స్త్రీల పేరున వుండాలి. వాళ్ళ పేరున వుంటే చాలదు, నడిపేదీ వాళ్ళే కావాలి. సంఘం పేరున కొన్న బండిని అధ్యక్షురాలి భర్త తిప్పుకోవడం మనకు తెలియని కథ కాదు.

నేనూ ఒక పాత చిన్న కారు కొనుక్కున్నాను. పక్క మండలంలో ఒక అమ్మాయిని రాత్రి పది గంటలకు ఇంట్లోంచి గెంటేస్తే, తెలిసినవాళ్ళ బండి దొరికి మేము అక్కడికి చేరేసరికి తెల్లవారింది. ఆ తర్వాత ఇక ఆలోచించలేదు. శ్రీకాకుళం పనికి ఇప్పటికీ బస్సులోనే వెళుతున్నాను, కారు రాత్రిళ్ళకు వుంచుకున్నాను.

మన స్వచ్ఛంద సంస్థల్లోనూ జీపులు, బొలేరోలు వున్నాయి. పల్లెల్లో తిరిగేది ఎక్కువగా స్త్రీలే. అయినా డ్రైవరు భోంచేసి వచ్చేదాకా, అతని ఇంట్లో పని ముగిసేదాకా వరండాలో ఎదురుచూస్తుంటాం. మీ ఆఫీసు బండి లాగ్‌బుక్కు ఒకసారి తీసి చూడండి. గడిచిన ఏడాదిలో దాన్ని నడిపినవాళ్ళ కాలమ్‌లో ఒక్క స్త్రీ సంతకమైనా వుందేమో ఈ పత్రికకు రాయండి.