ఆరుద్రను ఆకాశంలో చూపించండి

ఆరుద్ర కార్తె తెలియని రైతు ఇల్లు మన దగ్గర ఉండదు. జూన్ 22 ప్రాంతంలో కార్తె వస్తుంది, వాన పడితే విత్తనం పడుతుంది, చేలో ఎర్రటి ఆరుద్ర పురుగులు తిరుగుతాయి. అదే ఇంటి పిల్లాణ్ని డాబా ఎక్కించి ఆరుద్ర నక్షత్రం ఏదిరా అంటే దిక్కులు చూస్తాడు. వాడి తప్పేం లేదు. ఆ రోజుల్లో సూర్యుడు ఆ నక్షత్రం దిక్కునే ఉంటాడు, ఇంకేం కనపడుతుంది? చూడాల్సింది చలికాలంలో. అప్పుడేమో దాని ఊసు ఎవరూ ఎత్తరు.

నేను భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన పంతుల్ని. బడికి టెలిస్కోపు కొనిస్తామని ఎవరైనా దాతలు వస్తే అడ్డుపుల్ల వేసేది నేనే. అద్దాల బీరువాలో తాళం వెనక బూజు పట్టిన టెలిస్కోపుల్ని చూశాను కనుక. ముందు పిల్లలకు రెండు చుక్కల్ని కంటితో పోల్చడం నేర్పండి, కొనడం సంగతి తర్వాత చూద్దాం అంటాను.

అందుకు ఓరియన్ మండలమే సరైనది. డిసెంబరులో రాత్రి ఎనిమిదింటికి తూర్పుకు తిరిగితే మూడు చుక్కలు వరుసగా కనిపిస్తాయి, అదే ఓరియన్ అనే వేటగాడి నడుంపట్టీ. పుస్తకాల్లో వేటగాడు నిటారుగా నిలబడి ఉంటాడు. మన ఆకాశంలో మాత్రం పక్కకు ఒరిగి లేస్తాడు, నడుంపట్టీ దాదాపు నిలువుగా ఉంటుంది. ఈ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్లే సగం మంది పిల్లలు గుర్తుపట్టలేరు. పట్టీకి ఎడమన ఎర్రగా ఉన్నది ఆరుద్ర, అంటే బెటెల్‌గ్యూస్. కుడివైపు నీలితెలుపులో మెరిసేది రైజెల్. అమీర్‌పేట వీధిదీపాల మధ్య నుంచి కూడా రెండూ కనిపిస్తాయి.

1603లో యోహాన్ బేయర్ తన నక్షత్ర పటంలో ఆరుద్రకు ఆల్ఫా, రైజెల్‌కు బీటా అని పేర్లు పెట్టాడు. ఆల్ఫా సాధారణంగా మండలంలో ఎక్కువ వెలిగే చుక్కకిచ్చే అక్షరం, అయినా మామూలుగా చూస్తే రైజెలే ప్రకాశవంతం. దాని ప్రకాశ పరిమాణం 0.1, ఆరుద్రది 0.5కు అటూ ఇటూ (ఈ లెక్కలో అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ). కానీ ఆరుద్ర ఒక తీరుగా ఉండదు. ఆ సంగతి 1836లో జాన్ హెర్షెల్ గమనించాడు, వెలుగును తోటి చుక్కలతో పోల్చి చూసే.

2019 చివర్లో అది మసకబారడం మొదలై, 2020 ఫిబ్రవరికి 1.6కు పడిపోయింది. ఎప్పటి వెలుగులో మూడో వంతుకు కాస్త ఎక్కువ మిగిలిందంతే. పేలిపోతుందేమోనని పత్రికలు రాశాయి. అది కక్కిన పదార్థం చల్లబడి ధూళిగా మారి మనకు అడ్డొచ్చిందని తర్వాత తేల్చారు. ఆ నెలల్లో మన పిల్లలు తలెత్తి ఉంటే పరికరమేదీ లేకుండానే పట్టుకునేవారు. దగ్గర్లోనే రోహిణి ఉంది, అదీ కార్తెలో విన్న పేరే, 0.9 దగ్గర దాదాపు నిలకడగా వెలుగుతుంది. మామూలుగా రోహిణిని మించే ఆరుద్ర ఆ చలికాలం దానికంటే వెలవెలబోయింది.

పద్ధతి సులువే, రెండు జాగ్రత్తలు చాలు. దిగంతానికి దగ్గరున్న చుక్క మసకగా కనిపిస్తుంది కాబట్టి అన్నీ బాగా పైకి వచ్చాకే పోల్చాలి. ఎర్ర చుక్కను తదేకంగా చూస్తే కంటికి వెలుగు పెరిగినట్టు అనిపిస్తుంది; చటుక్కున చూసి చూపు తిప్పేసుకోవాలి.

దీనికి మార్కులెన్ని అని ఓ తండ్రి నన్నడిగారు. మార్కులు లేవండీ అన్నాను. నోటుబుక్కులో తేదీ, టైము, ఆ రాత్రి రైజెల్, ఆరుద్ర, రోహిణి ఏ వరుసలో ఉన్నాయో రాస్తే చాలు. డిసెంబరు నుంచి మార్చి దాకా వారానికోసారి. ప్రతి బడిలోనూ ఆ నోటుబుక్కు ఉండాలని, దాన్ని ఏటేటా కింది తరగతికి అప్పగించాలని విద్యాశాఖను కోరుతున్నాను. దీనికి టెండరు కూడా అక్కర్లేదు.