పాట ఊరిది, ఫీజు ఇంటిది

తెలంగాణ ప్రభుత్వం 2024 డిసెంబర్ 9న తొమ్మిది మంది కవులు, కళాకారులు, ఉద్యమకారులకు తలా కోటి రూపాయలు, ఫ్యూచర్ సిటీలో 300 గజాల ఇంటి స్థలం ప్రకటించింది. వారిలో బండి యాదగిరి, గూడ అంజయ్య, గద్దర్ అప్పటికే లేరు. అందెశ్రీ మరుసటి ఏడాదే వెళ్లిపోయారు. ఆ తొమ్మిది మందిలో ఒక్క ఆడమనిషీ లేదు. 1999లో హత్యకు గురైన భువనగిరి గాయని బెల్లి లలిత పేరూ లేదు.

గౌరవించడాన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు, ఆలస్యమైందనే నా ఫిర్యాదు. అయితే లెక్క కట్టడంలోనే తేడా ఉంది. ఉద్యమ పాటకు పెట్టుబడి పెట్టింది పాడినవాడొక్కడే అని మనం అనుకుంటున్నాం. ఇంట్లోవాళ్లు పెట్టింది ఏ పద్దులోనూ కనపడదు.

గద్దర్‌నే తీసుకోండి. కెనరా బ్యాంకులో గుమస్తా ఉద్యోగాన్ని 1984లో వదిలేశారు. కారంచేడు దళితుల ఊచకోత తర్వాత అజ్ఞాతంలోకి వెళ్లి, 1990లో మళ్లీ జనంలోకి వచ్చారు. ఆ ఏళ్లన్నీ పిల్లలతో సంసారం ఈదింది భార్య విమల. వంగపండు ప్రసాదరావు కూడా విశాఖ షిప్‌యార్డులో ఉద్యోగం వదులుకుని పాట పట్టుకున్నవారే. త్యాగం అనే మాట వేదిక మీదున్నవాళ్లకు దక్కింది. బడి ఫీజు గడువు ఇంట్లో ఉన్నవాళ్ల నెత్తిన పడింది.

రాత్రి ఎనిమిదికి మొదలు కావాల్సిన ధూంధాం, అంటే ఉద్యమ ఆటపాటల సభ, నాయకుల ఉపన్యాసాలు ముగిసేసరికి పదకొండవుతుంది. ఆట ముగిసేసరికి తెల్లవారుజాము. గజ్జెలు విప్పి, గొంగడిలో చుట్టి సంచిలో పెట్టుకుంటుంటే నిర్వాహకుడు వచ్చి భుజం తడతాడు. ‘మన ప్రోగ్రామే గదన్నా’ అని జీపు కిరాయి చేతిలో పెడతాడు. మైకువాడికి, టెంటువాడికి, ఫ్లెక్సీవాడికి అడ్వాన్సు ముందే ముట్టి ఉంటుంది. డప్పు కొట్టినవాడి దగ్గరికి వచ్చేసరికే అందరికీ ఉద్యమం గుర్తొస్తుంది! ఇక గాయని సంగతి వేరే చెప్పాలా? పిల్లను రాత్రిపూట ఎవరో ఒకరు చూసుకోవాలి. అత్త ముఖం ముడిస్తే ఆ ఊరి కార్యక్రమానికి ఆమె లేనట్టే. సన్మాన జాబితాల్లో ఆడవాళ్లు ఎందుకు లేరో వెతకడానికి ఇక్కణ్నుంచి మొదలుపెట్టాలి.

రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి, రసమయి బాలకిషన్ సారథ్యంలో సుమారు 550 మంది కళాకారులకు కొలువులిచ్చింది. చాలా ఇళ్లలో మొదటిసారి ఒకటో తారీఖు అనేది వచ్చింది. దాంతోపాటే షరతూ వచ్చింది: సర్కారు పథకాల మీద ఊరూరా పాడాలి. నీళ్లేవని నిలదీసిన గొంతులు మిషన్ భగీరథను పొగిడాయి. 2023లో ప్రభుత్వం మారింది, పొగడాల్సిన పథకాల పేర్లూ మారాయి. ‘అమ్ముడుపోయారు’ అన్నారు కొందరు. అలా అన్నవాళ్లలో నెలజీతగాళ్లు తక్కువేమీ కాదు.

ఆచార్య జయశంకర్ యూనివర్సిటీ జీతం తీసుకుంటూనే తెలంగాణ వాదం వినిపించారు. ఆయన్ను ఎవరూ అమ్ముడుపోయారనలేదు, అనకూడదు కూడా. జీతం ఇచ్చిన చేయి ఆయన ఆలోచనకు సబ్జెక్టు ఇవ్వలేదు. డప్పు కళాకారుడికి మాత్రం జీతంతోపాటు పాటను కూడా రాసిస్తున్నాం. తప్పు కొలువులో లేదు, ఆ కొలువులో ఏం చేయాలని రాశారన్న దానిలో ఉంది.

కళాకారుడి ఇంటి బాధ ఉద్యమం లెక్కలోకి రాకపోవడం కొత్త కథేమీ కాదు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ‘మాభూమి’ నాటకంతో పల్లెల్ని ఊపేసింది. నాటకాన్ని నిషేధించారు, నిర్బంధం ముదిరింది, దళాలు చెదిరాయి. మిక్కిలినేని లాంటివారు మద్రాసు సినిమాకు చేరారు. డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీసి నష్టపోయారు. సినిమా చరిత్రలో వారి గురించి గొప్పగా రాసుకున్నాం. ఆడేందుకు వేదిక లేనప్పుడు వారి ఇళ్లు ఎలా గడిచాయన్న ప్రశ్న మాత్రం ఉద్యమ చరిత్రలో ఎక్కడోగానీ కనపడదు.

ఇప్పుడు సాంస్కృతిక సారథి చైర్‌పర్సన్ గద్దర్ కూతురు వెన్నెల. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్‌సీపీ హయాంలో సృజనాత్మకత, సంస్కృతి సమితికి వంగపండు కూతురు ఉష అధ్యక్షత వహించారు. తండ్రులు ప్రభుత్వాలను ఎదిరించి పాడితే, కూతుళ్లకు ప్రభుత్వాలు పదవులిచ్చాయని ఎగతాళి చేయడం తేలిక. నాకైతే ఇందులో ప్రభుత్వాల తెలివి కనపడుతోంది. ఒక కుటుంబానికి పదవి, తొమ్మిది మందికి కోటి ఇస్తే, మిగతా వేలమందికి విధానం ఏదని అడిగే గొంతు తగ్గుతుంది. అయినా వెన్నెల పరిస్థితి వేరు. తండ్రి అజ్ఞాతంలో ఉంటే ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆమె తలుచుకుంటే చేయించగలిగింది ఒకటుంది. సారథి కళాకారుల్ని పథకాల ప్రచారం నుంచి తప్పించి, సర్కారు బడుల్లో పాట, డప్పు, ఒగ్గు, కోలాటం నేర్పే టీచర్లుగా వేయించవచ్చు. బడి అయ్యాక వాళ్లు ఏం పాడుకుంటారో అడిగే హక్కు ఏ శాఖకూ ఉండకూడదు. ఉద్యమ సంఘాలూ తమ వంతు చూసుకోవాలి. కరపత్రం అచ్చు, మైకు, టెంటు రాసే ఖర్చుల కాగితంలోనే గాయకుడి కూలి రాయాలి. గాయని వస్తే ఆమె పిల్లకు, పిల్లను పట్టుకునే మనిషికి బస్సు చార్జీ, భోజనం కూడా ఆ కాగితంలోనే ఉండాలి.