ఏ పేపరు ఎన్నుకోవాలి?

భిలాయిలోని మన రైల్వే, తపాలా సోదరులలోను, వారి పిల్లలలోను రాజనీతిశాస్త్రం ఎం.ఏ. చదవబూనిన వారు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: ఏ పేపరుకు మార్కులు సులువుగా వస్తాయి? ఈ ప్రశ్నను మేము తప్పుపట్టము. రాత్రి డ్యూటీ దిగి వచ్చి పుస్తకం పట్టేవానికి కొంత సులువు కావలసిందే. కాని ఎన్నికకు అదొక్కటే గీటురాయి కారాదు.

ఉద్యోగం విడువకుండా చదవదలచిన వారికి అందుబాటులో ఉన్నది 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం. అక్కడ రాజనీతి సిద్ధాంతం తప్పనిసరి పేపరు. చిక్కు ఐచ్ఛిక పేపర్ల వద్దనే వస్తుంది. ప్లేటో నుండి మార్క్స్ వరకు సాగే పాశ్చాత్య రాజకీయ చింతనను మనవారు పేర్లు చూచి భయపడి విడిచిపెడతారు. సామాజిక ఉద్యమాల పేపరును మాత్రం "ఇది మనకు తెలిసినదే" అని తీసుకుంటారు. ఈ రెండింటినీ కలిపి చదవాలని మా అభిప్రాయం.

కారణం మన ఊరిలోనే ఉన్నది. శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న ఇక్కడ హత్యకు గురయ్యారు. 1992 జూలై 1న పవర్ హౌస్ స్టేషను వద్ద పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరపగా 16 మంది కార్మికులు మరణించారు. ఉద్యమాల పేపరు చదివితే ఆ పోరాటం ఎలా పెరిగిందో తెలుస్తుంది. అయితే బండ్లు నడపవలసిన మనకు ఆ రోజు మరింత కఠినమైన ప్రశ్న మిగిల్చింది: ప్రయాణికుని హక్కు, పట్టాలపై కూర్చున్నవాని హక్కు ఎదురుపడినప్పుడు తుపాకి ఎత్తే అధికారం రాజ్యానికి ఎక్కడిది? హాబ్స్ ఆ అధికారాన్ని సమర్థిస్తాడు. లాక్ దానికి హద్దు గీస్తాడు. ఆ రాజ్యం ఎవరిదని మార్క్స్ అడుగుతాడు. 1974 సమ్మెలో జైళ్లకు వెళ్లిన మన పెద్దలు ఇదే ప్రశ్నను పుస్తకం లేకుండానే ఎదుర్కొన్నారు.

తెలుగులో చదువుకొని ఇక్కడికి బదిలీపై వచ్చినవారికి హిందీ, ఇంగ్లీషు పాఠాలు బరువే. హైదరాబాదులోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం తెలుగు పాఠ్యపుస్తకాలను పక్కన పెట్టుకొని చదివితే విషయం పట్టుబడుతుంది. బజారు గైడ్ల మాట మాత్రం ఎత్తకండి. పగలు కాలేజీకి వెళ్లగలిగిన పిల్లలను దుర్గ్, భిలాయి కాలేజీలలోనే చేర్చండి. ఎదుట కూర్చుని వాదించే అధ్యాపకుడు దూరవిద్యలో దొరకడు.

పేపర్ల జాబితా మారుతుంటుంది. రుసుము కట్టకముందే ఆ ఏటి ప్రాస్పెక్టసు తెచ్చి బ్రాంచి కార్యాలయంలో మాతో కూర్చోండి.