అడిగే కుర్చీయే లేకపోతే?

అమెరికాలో 2025 జూన్ 14న, మళ్లీ అక్టోబరు 18న ‘రాజులొద్దు’ అంటూ లక్షలాది జనం వీధుల్లోకొచ్చారు. టీవీలో మీరూ చూసే ఉంటారు. చట్టసభతో పనిలేకుండా అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వుల మీద ఉత్తర్వులు ఇచ్చేస్తున్నారని వాళ్ల కోపం. ‘మనకెందుకమ్మా ఆ గొడవ’ అంటారు మా అరసవల్లిలో. నాకైతే మన శ్రీకాకుళమే గుర్తొస్తుంది.

అరసవల్లి శ్రీకాకుళం కార్పొరేషన్‌లోదే కదా. 2010లో మునిసిపల్ పాలకవర్గం గడువు తీరింది. విలీన గ్రామాల తగాదా కోర్టుకెక్కి 2014లో ఎన్నికలు ఆగాయి. 2015లో కార్పొరేషన్ చేశారు. పేరు పెద్దదైంది గానీ కౌన్సిల్ రాలేదు. 2021 మార్చిలో రాష్ట్రంలో చాలా పట్టణాలు ఓట్లేస్తే మనం చూస్తూ కూర్చున్నాం. గడువు తీరేలోగానే ఎన్నికలు పూర్తిచేయాలని రాజ్యాంగం 243యు అధికరణం చెబుతోంది మరి! ఆ ఏళ్లలో కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ మూడూ ప్రభుత్వంలో ఉన్నాయి. ఏ ఒక్కటీ తొందరపడలేదు.

అన్నాళ్లూ ప్రత్యేకాధికారి పాలనే. వచ్చినవారు మంచివారే కావచ్చు, కష్టపడీ ఉండొచ్చు. కానీ బడ్జెట్ రాసేదీ, సరే అనేదీ అధికారులే అయితే ఇంటిపన్ను ఎందుకు పెరిగిందని నిండు సభలో నిలదీసేదెవరు? అమెరికాలో ప్రతిపక్షం ఓడినా కాంగ్రెస్‌లో దానికి సీటుంది, మైకుంది. మనకి ఆ గది తలుపే తెరవలేదు. పైగా ఆ కుర్చీల్లో సగం ఆడవాళ్లవి. కౌన్సిలర్లుగా లోపల కూర్చోవలసిన ఎంతమంది, కొళాయి కోసం అర్జీ పట్టుకుని వరండాలో నిలబడ్డారో!