త్రియుండ్ కంటే ముందు భువనగిరి

మే నెలలో మా బ్యాచ్ నుంచి ఏడుగురం త్రియుండ్ వెళ్ళాం. నిజానికి ఎనిమిది మందిమి వెళ్ళాలి. ఎనిమిదోవాడు నా ల్యాబ్ పార్ట్‌నర్. ఊళ్ళో పెళ్ళి ఉందని చివర్లో ఆగిపోయాడు.

సికింద్రాబాద్‌లో రైలెక్కినప్పుడు ప్లాట్‌ఫారం పెనంలా కాలుతోంది. హిమాచల్‌లో మెక్లియోడ్‌గంజ్ నుంచి పొద్దున్నే నడక మొదలుపెట్టినప్పుడు మాత్రం స్వెటర్ తియ్యబుద్ధి కాలేదు. దారంతా ఓక్ చెట్లు, రోడోడెండ్రాన్ చెట్లు (తెలుగులో ఏమంటారో నాకు తెలీదు, ఎడిటర్ గారు క్షమించాలి). మొదటి గంట ఫొటోలు, జోకులు. చివరి కిలోమీటరు మెలికలు తిరిగే రాళ్ళ దారి. అక్కడ నా పని అయిపోయింది. పది అడుగులు వేయడం, ఆగడం. ఓ గద్దీ తాత గొర్రెల్ని తోలుకుంటూ, బీడీ కాలుస్తూ నన్ను దాటి వెళ్ళిపోయాడు! పైకి చేరాక ఎదురుగా మంచుతో ధౌలాధార్ కొండలు. సుమారు 2,850 మీటర్ల ఎత్తులో ఓ గడ్డి మైదానం, అంతే. అయినా మాటలు రాలేదు. స్టేటస్‌లో మాత్రం "ఈజీ ట్రెక్" అని పెట్టా. పచ్చి అబద్ధం.

తిరుగు ప్రయాణంలో రైల్లో మాలావత్ పూర్ణ గురించి చదివా. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకి 13 ఏళ్ళ 11 నెలలు. తోడుగా ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్. ఇదంతా జనరల్ నాలెడ్జ్ బిట్‌గా నాకు తెలుసు. తెలియనిది ఒక్కటే. వాళ్ళ శిక్షణ మొదలైంది భువనగిరి బండ మీద. అంటే సికింద్రాబాద్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు, కాజీపేట లైన్లో. ఆ స్టేషన్ మీదుగా ఎన్నిసార్లు వరంగల్ వెళ్ళానో! ఒక్కసారీ దిగలేదు.

బండ మీద మంచు ఉండదు, పల్చటి గాలి ఉండదు అంటారు. నిజమే. పూర్ణ వాళ్ళు కూడా వాటికోసం డార్జిలింగ్, లద్దాఖ్ వెళ్ళారు. కానీ తర్వాత వెళ్ళారు. పాదం ఎక్కడ పెట్టాలి, ఊపిరి ఎలా పట్టాలి, కిందికి చూస్తే వణుకు ఎలా ఆపుకోవాలి, ఇవి ఇక్కడే నేర్చుకున్నారు. మనం రివర్స్‌లో చేస్తున్నాం. మనిషికి 18,000 ఖర్చు పెట్టి, మెట్లెక్కడం కూడా అలవాటు లేని కాళ్ళని తీసుకెళ్ళి హిమాలయం మీద పడేస్తున్నాం.

జూన్ మొదటి ఆదివారం నేనూ ల్యాబ్ పార్ట్‌నరూ భువనగిరి వెళ్ళాం. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద వెలసిన కోట, గుడ్డు ఆకారంలో ఒకటే రాయి. వాడు నాకంటే ముందే పైకెళ్ళి కూర్చున్నాడు. నీళ్ళు తాగుతూ పెళ్ళి ఎలా జరిగిందని అడిగా.

"ఏ పెళ్ళిరా?" అన్నాడు నవ్వుతూ.

నాకు వెలగడానికి కాస్త టైం పట్టింది. మూడు సెమిస్టర్లు ఒకే సిస్టం ముందు కూర్చున్నాం. ట్రిప్ గ్రూప్‌లో డబ్బు లెక్కలు వేసింది నేనే. వాడిని ఒక్కమాట అడగలేదు.

అందుకే మన కాలేజీ ట్రిప్ ఏదైనా భువనగిరితో మొదలవ్వాలంటున్నా. అక్కడికి ఎవరూ పెళ్ళి వంక చెప్పక్కర్లేదు. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం, తెల్లవారుజామునే, బండ వేడెక్కకముందే. వచ్చేవాళ్ళు రెండు లీటర్ల నీళ్ళు తెచ్చుకోండి. చెప్పులతో రావద్దు, జారతాయి.